మాస్టారి సెక్స్టెంట్, ఎదురింటి మెట్లు

ఆ ఆదివారం పొద్దున్న రిటైరైన లెక్కల మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే: మిట్టమధ్యాహ్నం సూర్యుణ్ణి కొలిచి, తమ ఇల్లు భూమ్మీద ఎక్కడుందో తేల్చడం. ఎనిమిదేళ్ళుగా కాపురముంటున్న ఇల్లే. అయినా తేల్చి తీరాలి. వారం క్రితం పాతసామాన్ల కొట్లో కొన్న సెక్స్టెంట్ పనిచేస్తుందని ఇవాళ రుజువు చేయకపోతే, దాన్ని తిరిగిచ్చేసి రావాలని భార్య గడువు పెట్టింది. ఇంట్లో ఇప్పటికే పలకని రేడియోలు రెండు, ఆడని గడియారాలు నాలుగు ఉన్నాయి. ఆవిడ కోపంలో అన్యాయమేమీ లేదు.

ఓడవాళ్ళు తామెక్కడున్నారో తెలుసుకోవడానికి వాడే ఆ ఇత్తడి పరికరానికి మాస్టారు వారంపాటు పసిబిడ్డకు చేసినట్టు సేవ చేశారు. కీళ్ళకు చుక్క చుక్కగా నూనె వేశారు. అద్దాలు తుడవడానికి కొత్త దిండు గలీబు చింపారు. పాత సరుకు కాబట్టి ఆ అద్దాలు రోజూ కాస్త పక్కకు జరుగుతాయి. ఏదైనా తిన్నని అంచును చూస్తూ, అది రెండుగా కాక ఒకటిగా కనబడేదాకా మరలు తిప్పాలి. డాబా మీంచి కనబడే తిన్నని అంచు ఎదురింటి కాంట్రాక్టరు మెట్లదే. ఆ మెట్లు సగం వీధిని ఆక్రమించి కూర్చున్నాయి. మాస్టారి భార్య స్కూటరు తీసినప్పుడల్లా వాటికి గీసుకుంటూనే ఉంటుంది.

వారం రోజులుగా తన మెట్లకే గురిపెట్టి, పుస్తకంలో అంకెలు రాసుకుంటున్న మాస్టారిని చూసి కాంట్రాక్టరుకు గుండెల్లో రాయి పడ్డట్టయింది. గేటు దగ్గర ఆయన భార్యను పట్టుకున్నాడు.

"అమ్మా, సార్ ఏం కొలుస్తున్నారు?"

"నన్నడక్కండి. మధ్యాహ్నానికల్లా తేల్చేస్తారట."

"ఆదివారం కూడానా!"

"ఇవాళే గడువు. దాటితే నేనూరుకోను."

రోడ్డు వెడల్పు కోసం గుట్టుగా సర్వే జరుగుతోందని అతనికి ఖాయమైపోయింది. మునిసిపాలిటీవాళ్ళొచ్చి కూలిస్తే గోడ కూడా పోతుంది, తనే కూల్చుకుంటే మెట్లతో సరి. పదింటికల్లా కూలీలు దిగారు. కాంట్రాక్టరే కూల్చుకుంటున్నాడంటే ఆఫీసులో ఏదో విని ఉంటాడని పక్కింటాయన అరుగు కొట్టించాడు. ఆ పక్కాయన తన ప్రహరీ కూల్చే పనిలో పడ్డాడు.

సరిగ్గా పన్నెండింటికి మాస్టారు డాబా మీద పళ్ళెంలో నూనె పోసి, అందులో పడే సూర్యుడి ప్రతిబింబాన్ని కొలవడానికి వంగారు. కింద గునపం పోటు పడ్డప్పుడల్లా నూనె వణికింది, సూర్యుడు చిందులేశాడు. మూడుసార్లు లెక్క కట్టినా ఇల్లు నడిసముద్రంలోనే తేలింది. మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ. తప్పు లెక్కకు మార్కులు వేయడం జన్మలో ఎరగని మనిషి, సెక్స్టెంట్‌ను పెట్టెలో సర్దుకుని కిందికి దిగారు.

భార్య అప్పుడే బజారునుంచి వచ్చి స్కూటరు ఆపుతోంది. ఎక్కడా గీసుకోకుండా రావడం ఆవిడకు ఇదే మొదటిసారి.

"పెట్టె పట్టుకుని ఎక్కడికండీ?"

"తిరిగిచ్చేసి వస్తాను. మాటంటే మాట. ఇది పనిచెయ్యలేదు."

ఆవిడ ఖాళీ అయిన వీధిని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తృప్తిగా చూసింది.

"ఎవరన్నారు పనిచెయ్యలేదని? పైకి పదండి. మూలమీది కొట్టువాడు వీధిలోకి దింపిన రేకులవైపు ఓసారి పట్టండి."

మాస్టారు ఇంకా పెట్టె మూతైనా తీయలేదు, కొట్టువాడు రేకులు విప్పడానికి అప్పటికే నిచ్చెన వేసుకున్నాడు.