ముహూర్తానికి లైన్ క్లియర్

సిబ్బంది కష్టసుఖాలను రైల్వే శాఖ కంటికి రెప్పలా కనిపెట్టి ఉంటుందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. హఫీజ్‌పేట్ దగ్గరి ఒక చిన్న స్టేషన్‌లో, పేరు చెబితే మూసేస్తారేమోనని చెప్పడం లేదు, మాస్టరు సీతారామాంజనేయులు తన పెళ్లికి సెలవు అడిగాడు. అప్పటికే రెండుసార్లు వాయిదా పడిన పెళ్లి అది. శుక్రవారం దాటితే మూఢం. ఈసారీ తప్పితే వేరే సంబంధం చూసుకుంటామని ఆడపెళ్లివారు కబురంపారు.

సెలవివ్వాలంటే బదులు మనిషి కావాలి. బదులు మనిషిని వేయాలంటే ఈయనకు అసలు పని ఉందో లేదో తేలాలి. తేల్చే బాధ్యతను కొత్తగా వెలిసిన హైటెక్ సిటీలోని భారమితి సాఫ్ట్‌వేర్ అనే కంపెనీకి అప్పగించారు.

వారి ఇంజనీరు రాకేశ్, టై కట్టుకుని, కంప్యూటరును ఆటోలో వేసుకుని దిగాడు. ఆయన పద్ధతి మహా సులువు. మాస్టరు చెయ్యి దేన్నయినా తాకితే పని, తాకకపోతే విశ్రాంతి. ఏ బండి వస్తుందోనని ఫోను దగ్గర చెవులు రిక్కించి కూర్చోవడం గాఢ విశ్రాంతి కింద లెక్కకొచ్చింది. వీపు గోక్కోవడం మాత్రం పనే. సంగతి తెలిశాక మాస్టరు తెగ గోక్కున్నాడు.

"మీ పనిభారం చాలా ఎక్కువ సార్," అన్నాడు రాకేశ్ చివరికి.

"అయితే సెలవిస్తారాండీ?"

"ఎలా ఇస్తారు సార్? మీరు లేకపోతే స్టేషనే నడవదని ప్రూవ్ అయింది."

"పోనీ, తక్కువని రాయండి."

"తక్కువైతే లీవెందుకు సార్? డ్యూటీలోనే రెస్ట్ తీసుకుంటున్నారు కదా!"

ఈ తర్కానికి మాస్టరు ఎంత ముగ్ధుడయ్యాడంటే, కాసేపు పెళ్లి సంగతే మరిచిపోయాడు.

సామర్లకోటలో పెళ్లికూతురు ఉమాశ్రీ మరిచిపోలేదు. "ఆయనకు సెలవు దొరక్కపోతే మనకు టికెట్లు దొరకవా నాన్నగారూ? పదండి," అని చుట్టపక్కాలతో సహా రైలెక్కింది.

శుక్రవారం పొద్దున ప్లాట్‌ఫారం మీదే పెళ్లి. జామకాయలమ్మే పోచమ్మ, "ఇగ జర జరుగుండ్రి, పీటలెయ్యాలె!" అని ప్రయాణికులను అదిలించింది. మాస్టరు మొదటి ముడి వేశాడో లేదో ఫోను మోగింది. పరుగెత్తి, దారి ఖాళీయే, బండిని వదలొచ్చని లైన్ క్లియర్ ఇచ్చి వచ్చాడు. అంతవరకూ ఉమాశ్రీ తాడు జారకుండా తనే పట్టుకుంది. రెండో ముడి వేసి పచ్చజెండా ఊపాడు. మూడో ముడికి పురోహితుడు గట్టిమేళం అనగానే గూడ్సు బండి డ్రైవరు హారన్ కొట్టాడు. సన్నాయివాళ్లు చిన్నబుచ్చుకున్నారు. ఆపైన ప్రయాణికులందరికీ ప్లాట్‌ఫారం మీదే పెళ్లిభోజనం వడ్డించారు.

రాకేశ్ కదలకుండా కూర్చుని అంతా కొలిచి నివేదిక పంపాడు: "విధులకు భంగం లేకుండా సదరు ఉద్యోగి వివాహం చేసుకోగలిగినందున సెలవు అనవసరమని రుజువైనది. మిగతా సిబ్బంది కూడా ఈ పద్ధతినే పాటించవలెను." పై అధికారులు ఆనందభరితులయ్యారు.

ఇక ప్రజా స్పందన. ఏనాడూ ఎవరూ ముట్టని ఫిర్యాదుల పుస్తకం ఆ ఒక్క పూటలో నిండిపోయింది. పెళ్లిరోజున కూడా మనిషికి సెలవు లేదా అని మాత్రం ఒక్కరూ రాయలేదు. పెళ్లి మర్నాడంతా మాస్టరు ఆ ఫిర్యాదులకు సంజాయిషీలు రాస్తుంటే, ఉమాశ్రీ పక్కనే కూర్చుని వాటిమీద ముద్రలు కొట్టింది. వాటిలో ఒకటి మీకే వస్తోంది, అందుకోండి. రెండో బంతిలో కడుపారా భోంచేసి, బూరెలు చల్లారిపోయాయని రాసింది మీరే కదా!