వకుళకి కిటికీ సీటు

విజయవాడ నుంచి విశాఖపట్నం వెళ్లే పొద్దుటి రైల్లో, అడిగినవాళ్లందరికీ జరిగి జరిగి, వకుళ నిడదవోలు చేరేసరికి అరచెయ్యంత అయిపోయింది. ఇందులో కంగారు పడాల్సిందేమీ లేదు. క్రిస్మస్ సెలవులు, పైగా చలి. స్వెట్టరు మీద శాలువా చుట్టుకున్న ప్రతి మనిషీ మామూలు కంటే ఓ నాలుగంగుళాలు ఎక్కువవుతాడు. ఆ అంగుళాలు ఎవరో ఒకరి దగ్గర్నుంచే కదా రావాలి! పెట్టెకొక్క వకుళ ఉంటే చాలు, అందరూ సుఖంగా ఊరు చేరతారు. అలాంటివాళ్లకి చేతులెత్తి మొక్కాలి.

ఆవిడ కోరిక ఒక్కటే. పెళ్లయిన దగ్గర్నుంచి ప్రతి చలికాలం సెలవులకి ఆడపడుచు ఇంటికి ఇదే దారిన వెళ్తున్నా, మంచులో గోదావరిని ఒక్కసారీ చూడలేదు. వంతెన వచ్చేసరికి కిటికీ దగ్గర ఇంకెవరో ఉంటారు. ఈసారి భర్త ఉమాపతి మాటిచ్చి మరీ ఆమె పేరున కిటికీ సీటు తీశాడు. మంచివాడే, కాదనలేం.

ఏలూరు రాకముందే అత్తగారు సుభద్రమ్మ, "అమ్మాయ్, మోకాళ్లు పట్టేశాయే, కాస్త జరుగు" అంది. వకుళ జరిగింది. జానెడు తగ్గింది. ఏలూరులో ఎక్కిన బట్టతలాయన "ఒక్క స్టేషనేనమ్మా" అన్నాడు. ఆ స్టేషను ఇంకా రాలేదు. తాడేపల్లిగూడెంలో ఎక్కిన దంపతులు, పైన పెడితే నలిగిపోతాయని పూతరేకుల డబ్బాని సీటు మీదే పెట్టారు. పూతరేకులకి కూడా జరిగింది మహాతల్లి! ఒక్కసారైనా మొహం చిట్లిస్తే ఒట్టు.

నిడదవోలులో టీసీ వచ్చి, అలవాటైన పనే కాబట్టి, ఆమె పక్కన చెయ్యి పెట్టి కొలిచాడు.

"అరచెయ్యి దాకా వస్తే మనిషి కింద రాయలేనండీ. చేతిసామాను కిందకి వస్తారు."

"రాసేయండి," అన్నాడు ఉమాపతి.

సీటు ఖాళీ అయినట్టే కనుక దాన్ని నిలబడి ఉన్న ఒకాయనకి ఇచ్చేశాడు టీసీ. వెళ్తూ వెళ్తూ వంగి, "మీలాంటివాళ్లుండబట్టే రైళ్లు నడుస్తున్నాయమ్మా" అని వకుళకి నమస్కారం పెట్టాడు. చూస్తున్నవాళ్లకి కళ్లు చెమర్చాయి.

"ఏవండీ, గోదారి వచ్చేస్తోంది. నన్ను కాస్త కిటికీ దగ్గర పెట్టరూ?" అంది వకుళ, ఉమాపతి ఒళ్లోంచి.

అడక్క అడక్క అడిగింది, కాదని ఎవరంటారు? చేతులు మార్చుకుంటూ అందరూ ఆమెని కిటికీ గట్టు మీదికి చేర్చారు. తీరా చూస్తే ఇంతమంది ఊపిరికి అద్దం తెల్లగా మసకబారి ఉంది. ఇంతలో వంతెన మొదలైంది.

"అయ్యో, దాటిపోతోందర్రా!" అంటూ సుభద్రమ్మ చేతికందిన మెత్తటి నూలుచీరని, లోపలున్న వకుళతో సహా పట్టుకుని, అద్దాన్ని గట్టిగా తుడిచేసింది.

గోదావరి బ్రహ్మాండంగా కనిపించింది. నీళ్ల మీద మంచు పొగలు పొగలుగా లేస్తోంది. మధ్యలో ఒంటరిగా ఒక పడవ. పెట్టెడు జనం "అబ్బ!" అన్నారు.

"ఎలా ఉందత్తయ్యా?" అని అడిగింది వకుళ.

"ఏముందే, నీళ్లేగా. వచ్చే ఏడు చూద్దువుగానిలే" అంటూ సుభద్రమ్మ ఆమెని పిండి కొక్కేనికి ఆరేసింది.

రాజమండ్రిలో రెండు స్వెట్టర్లు తొడుక్కున్న పెద్దమనిషి ఒకాయన ఎక్కాడు. "కాస్త జరుగుతారా?" అన్నాడు. ఎవరూ కదల్లేదు. అందరూ ఎంతో గౌరవంగా కొక్కెం వైపు చూశారు.

వకుళ అప్పటికే జరుగుతోంది.