సముద్ర ద్వారం దాకా ఒక గొడుగు

ఆ ఆదివారం పొద్దున దోన్ ఫెర్మీన్ ఒకే గడ్డాన్ని రెండుసార్లు గీసుకున్నాడు. సముద్రపు ఒడ్డున కోటగోడ ఉన్న కంపెచే ఊళ్ళో ఏళ్ళ తరబడి మంగలి షాపు నడుపుతున్న మనిషి. ఎదుటివాడి గొంతు మీద కత్తి పెట్టి ఎన్ని కబుర్లయినా చెప్పగలడు. కానీ ఎదురు వరసలో బట్టలు కుట్టే దోన్యా కాందిద కనబడితే చాలు, "ఎండ మండిపోతోందండీ" అన్న మాట దాటి నోరు పెగలదు. ఇద్దరికీ అరవై దగ్గర పడ్డాయి, ఇద్దరివీ ఒంటరి బతుకులే. ఆవిడేమో రేపటి బస్సుకు మెరీదాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోందట, ఇక రాదట. వీధంతా అదే మాట.

అందుకే ఫెర్మీన్ ధైర్యం చేసి, "వెళ్ళేలోపు ఒకసారి కోటగోడ చూసొద్దాం రండి" అని పిలిచాడు. ఆ గోడకు నేలవైపున్న నేల ద్వారం దగ్గర బయలుదేరి, ఊరికి అడ్డంగా నడిచి, అవతల సముద్ర ద్వారం చేరాక గాలి చల్లగా తగులుతుంటే పెళ్ళి మాట అడిగేయాలని పథకం. ఆవిడకు ఎండ తగలకుండా నల్ల గొడుగు తెచ్చి, ఆవిడ కొప్పుకు తగలకుండా బాగా ఎత్తి పట్టుకున్నాడు. కొంప ముంచింది ఆ గొడుగే. ఆ ఊళ్ళో గైడ్లు తమ జనం చెదిరిపోకుండా అచ్చం అలాగే ఎత్తి పట్టుకుంటారు.

నేల ద్వారం దగ్గర మోంతెర్రేయ్ నుంచి వచ్చిన భార్యాభర్తలు ఎదురయ్యారు. "గైడు గారూ, ఈ ఫిరంగి ఊరివైపు తిరిగుందేం?" అని భార్య అడిగింది.

ఫెర్మీన్‌కు తెలియదు. కానీ ఊరికొచ్చినవాళ్ళు నోరు తెరిచి అడిగితే తెలియదనడం కంపెచే వాళ్ళ ఇంటా వంటా లేదు. దారి తెలియకపోయినా ఏదో ఒక దారి చూపించే పంపుతారు.

"ఆ రోజుల్లో సముద్రపు దొంగల కన్నా మా మేయరంటేనే జనానికి భయమమ్మా" అనేశాడు.

కాందిద పక్కున నవ్వింది. ఆ నవ్వు కోసం ఫెర్మీన్ ఇంకో అబద్ధం ఆడాడు. దానికీ నవ్వింది. వీధి మలుపు తిరిగేసరికి వెనక ఒక బస్సెడు పంతులమ్మలు చేరారు. జనాన్ని చూసి, లోపల చీజ్ పెట్టి చుట్టిన కరకరలాడే అట్లు, మర్కెసీతాలమ్మే బండివాడు కూడా గంట వాయించుకుంటూ వెంటపడ్డాడు.

"కాందిద గారూ, మీతో ఒక్క మాట..." అని ఫెర్మీన్ గొంతు సవరించుకున్నప్పుడల్లా, "కొంచెం గట్టిగా చెప్పండి సార్, వెనక వినబడట్లేదు!" అని కేకలు. ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. గట్టిగా చెప్పే మాటా అది?

ఇంతలో ఎర్ర గొడుగుతో ఒబ్దూలియో పరుగెత్తుకొచ్చాడు. అతను అసలు గైడు. ఫెర్మీన్ దగ్గర వారంవారం గడ్డం గీయించుకునేవాడు.

"మామా! ఆ పంతులమ్మలు నావాళ్ళు! నేనెప్పుడైనా కత్తి పట్టుకుని నీ షాపు ముందు కూర్చున్నానా?"

"బాబ్బాబు, తీసుకుపోరా నాయనా, నీకు పుణ్యముంటుంది!"

"ఏం కుదరదు" అంది మోంతెర్రేయ్ ఆవిడ. "సముద్ర ద్వారం వచ్చేసింది. దీని కథ చెప్పాకే వదిలేది."

ఫెర్మీన్ దగ్గర దొంగల కథలైపోయాయి, మేయర్ల కథలూ అయిపోయాయి. పక్కన కాందిద ఉంది. రేపు ఉండదు. ఆయనకు దిగులు ముంచుకొచ్చింది.

"పూర్వం ఈ ద్వారానికి ఒక కాపలావాడు ఉండేవాడు" అని నెమ్మదిగా మొదలుపెట్టాడు. "రోజూ సాయంత్రం తలుపులు మూసేవేళకు తెరచాపలు కుట్టే ఒకావిడ ఇటే వెళ్ళేది. వాడికి ఆవిడంటే ప్రాణం. ఇవాళ అడుగుదాం, రేపు అడుగుదాం అనుకుంటూనే ముసలివాడయ్యాడు. ఒకరోజు ఆవిడ పొద్దున్నే ఓడెక్కి వెళ్ళిపోతోందని తెలిసింది..."

మర్కెసీతాల బండి గంట కూడా ఆగింది.

"అప్పుడు ఆవిడేమంది?" అని మోంతెర్రేయ్ ఆవిడ ముక్కు తుడుచుకుంటూ అడిగింది.

ఈ ఒక్క జవాబూ కల్పించి చెప్పడానికి ఫెర్మీన్‌కు మనసు రాలేదు.

"వాడు అడిగి చస్తేగా ఆవిడ చెప్పడానికి!" అంది కాందిద. ఆవిడ గొంతులో కోపముంది, కళ్ళలో నీళ్ళున్నాయి.

ఒబ్దూలియో ఆయన్నీ ఆవిడనీ మార్చి మార్చి చూసి, తన గొడుగు టక్కున మూసేశాడు. "మామా, అడుగు! నా జనాన్నంతా నీకే వదిలేస్తా, అడుగు!"

"మెరీదా వెళ్ళకండి కాందిద గారూ" అన్నాడు ఫెర్మీన్. "నన్ను పెళ్ళి చేసుకోండి. మీ తలుపు మూసి ఉంటే నేను రోజూ ఎవరిని చూసి షాపు తెరవను?"

"ఎవరు వెళ్తున్నారండీ మెరీదాకి? మా చెల్లెలితో నాకు మాటలే లేవు. మీ చెవిన పడితే మీరు అడుగుతారేమోనని, వారం నుంచి వీధంతా తిరిగి నేనే చెప్పుకొచ్చాను" అని ఆవిడ ఆయన చేతిలోంచి గొడుగు లాక్కుంది. "చేసుకుంటాను. ముందు ఈ గొడుగు నీడలోకి రండి, ముఖమంతా కందిపోయింది."

పంతులమ్మలు చప్పట్లు కొట్టారు. ఆ తరువాత కాపలావాడి కథను కంపెచే గైడ్లందరూ చెప్పడం మొదలుపెట్టారు. కాకపోతే వాళ్ళ కథలో పెళ్ళి మాట అడిగింది తెరచాపలు కుట్టే ఆవిడే.