కోచ్‌ని పీకేస్తే ఊరికి మేలు

ప్రతి ఊరికీ ఓడిపోయే ఫుట్‌బాల్ జట్టు ఒకటి ఉండి తీరాలి. దానికి మూడేళ్లకోసారి ఉద్యోగం ఊడే కోచ్ ఉండాలి. ఈ రెండూ లేని ఊళ్లో జనం ఎలా బతుకుతున్నారో నాకైతే అంతుబట్టదు!

ఇదేదో నోటికొచ్చినట్టు అంటున్న మాట కాదు. మా వెండ్‌మోర్ విశ్వవిద్యాలయం వాళ్లు తమ ఫుట్‌బాల్ చరిత్ర రాసిపెట్టమని నన్ను అడిగారు. ముప్ఫై ఏళ్లుగా అయోవా మంచు గురించీ మొక్కజొన్న గురించీ పత్రికలో రాస్తున్నవాణ్ణి, ఓటమి గురించి రాయలేనా అని ఒప్పుకున్నాను. నాలుగు నెలలపాటు లైబ్రరీ నేలమాళిగలో దుమ్ము పీల్చాను. జలుబూ పట్టింది, జ్ఞానమూ కలిగింది.

1921లో లాటిన్ మాస్టారు ఒకాయన పదకొండుమంది కుర్రాళ్లను పోగేసి జట్టు కట్టాడు. కాలితో తన్నే ఆట కాదు, బంతి చేత్తో విసిరి, చంకన పెట్టుకుని కుమ్ముకునే మా అమెరికా ఫుట్‌బాల్. మొదటి ఆటలో స్కోరు 61–0. సున్నా మాది. ఆ రాత్రి ఆయన డైరీలో "మనవాళ్లు చాలా మర్యాదగా ప్రవర్తించారు" అని రాసుకున్నాడు. ఆ మర్యాదను ఇప్పటివరకూ మేం తప్పలేదు.

జట్టు పేరు హెరాన్స్, అంటే కొంగలు. వందేళ్లు దాటింది, ఒంటికాలి మీద జపం చేస్తూనే ఉన్నాయి. చేప మాత్రం పడదు.

అబద్ధమెందుకు, ఒకసారి పడింది. 1974లో పక్క ఊరి కింగ్స్‌డేల్ జట్టును ఓడించాం. ఊరు ఊరంతా మైదానంలోకి దూకి, గోల్ స్తంభాలు పీకి, భుజాన మోసుకెళ్లి ఏట్లో పారేసింది. ఏమైంది? ఇద్దరికి చేతులు విరిగాయి. మేయరుగారి బూట్లు ఈనాటికీ దొరకలేదు. తర్వాతి ఆటకు స్తంభాలు లేక పొరుగువాళ్లను అడుక్కున్నాం. ఒక్క గెలుపుకి ఇంత నష్టం! ఓడిపోయినప్పుడు ఎవరైనా స్తంభం జోలికి వెళ్లారా?

ఇక కోచ్‌ల సంగతికొద్దాం. ఇప్పటికి ఇరవై తొమ్మిదిమంది. జట్టు ఓడగానే కోచ్‌ని పీకేస్తారు. కానీ ఈమధ్య రాసుకునే ఒప్పందాల ప్రకారం, అతను ఇంకెక్కడా ఆట నేర్పనంతకాలం మిగిలిన ఏళ్ల జీతం ఇంటికి పంపుతూనే ఉండాలి. ఆట నేర్పనందుకు జీతమండీ! కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్న మహానుభావుడెవరో మా వెండ్‌మోర్ రాలేదు పాపం.

ప్రస్తుతం ఊళ్లో ఇలాంటి మాజీలు ముగ్గురున్నారు. బక్ టోలివర్ టొమాటోలు పండిస్తాడు. రాండల్ గ్రీస్ చెక్కతో బాతులు చెక్కుతాడు. చిప్ మెరిడెత్‌ని మొన్న నవంబరులోనే పీకేశారు కాబట్టి అతనికింకా ఏ పనీ కుదరలేదు. ముగ్గురూ రోజూ పొద్దునా సాయంత్రమూ డోటీ హోటల్లో మూల బల్ల దగ్గర చేరతారు.

"ఏం చేస్తున్నావయ్యా బక్?" అన్నాను ఒకరోజు.

"నా ఉద్యోగమే. ఏమీ చెయ్యకపోవడం."

"ఆయనకేం, పాతకాపు," అన్నాడు రాండల్. "మొన్న మనవడికి బంతి ఎలా విసరాలో చూపిస్తుంటే మా లాయరు ఫోన్‌లోనే కేకలేశాడు. అది కోచింగ్ కిందికొస్తుందట. జీతం ఆగిపోతుందట!"

చూశారా ఎంత క్రమశిక్షణో! ఇలాంటి పెద్దమనుషులు ఊళ్లో ఉంటే హోటల్ నడుస్తుంది, చెక్క బాతుకి గిరాకీ ఉంటుంది, జులైలో ఇంటింటికీ టొమాటో బుట్ట చేరుతుంది. గెలిచే కోచ్ ఏం చేస్తాడు? పెద్ద ఊరు పిలవగానే చక్కా పోతాడు. వాడి టొమాటో మనమెప్పుడైనా తిన్నామా?

ఇంతటి భాగ్యానికి కాస్త ఖర్చవుతుంది, నిజమే. చిప్‌కి జీతం సర్దాలంటే ఎక్కడో ఒకచోట పొదుపు చెయ్యాలి కదా? విశ్వవిద్యాలయం బాగా ఆలోచించి, స్టేడియం మెట్ల కింద ఉన్న చదువు గది మూసేసింది.

ఆ గదిలో విల్మా కోస్టర్ ఇరవై రెండేళ్లుగా ఆటగాళ్లకు పాఠాలు చెబుతోంది. ఒకే పరీక్ష రెండుసార్లు తప్పితే కుర్రాడు జట్టులో ఉండడు, స్కాలర్‌షిప్ పోతుంది, మర్నాడే పెట్టె సర్దుకుని ఇంటికి పోవాలి. ఈ ఇరవై రెండేళ్లలో ఆవిడ చేతికింద ఒక్కడూ తప్పలేదు. పంపించేటప్పుడు ఆవిడకో పూలకుండీ, అందరూ సంతకాలు పెట్టిన కార్డూ ఇచ్చారు. జీతం మాత్రం ఆ శుక్రవారంతో సరి.

తప్పు ముమ్మాటికీ విల్మాదే! ఇరవై రెండేళ్లు వరసగా గెలిస్తే ఎవరు ఊరుకుంటారు? ఏడాదికో నలుగురిని తప్పించి ఉంటే, ఈపాటికి ఆవిడా మూల బల్ల దగ్గర కూర్చుని జీతం తీసుకుంటూ ఉండేది.

ఆవిడకి ఆ తెలివి ఇప్పటికీ రాలేదు. లమార్ ఫెంటన్ అని మా జట్టులో ఒక కుర్రాడున్నాడు. మనిషి తలుపంత ఉంటాడు, మాట పిల్లిపిల్లంత. తల్లి మెంఫిస్‌లో సిటీ బస్సు నడుపుతుంది. పశువుల డాక్టరు కావాలని వాడి కోరిక. గది మూసేశాక బయాలజీ ఒకసారి తప్పాడు. సోమవారం మళ్లీ పరీక్ష. ఈసారీ తప్పితే వాడి చదువు అంతటితో ఆఖరు. విల్మా వాణ్ణి డోటీ హోటల్లో కూర్చోబెట్టి సాయంత్రాలు ఉచితంగా చెప్పడం మొదలెట్టింది.

గురువారం ఆటల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. విల్మా కళ్లజోడు పెట్టుకుని హోటల్లో మా అందరికీ చదివి వినిపించింది. ఉద్యోగంలో లేని మనిషి ఆటగాడికి ఉచితంగా పాఠం చెబితే, లీగ్ రూల్ ప్రకారం అది అక్రమ లాభమట. వెంటనే ఆపకపోతే అతణ్ణి జట్టులోంచి తప్పిస్తారట.

అంటే ఏమిటి? మా ఊళ్లో నేర్పకుండా కూర్చుంటే జీతం, జీతం లేకుండా నేర్పితే నేరం!

లమార్ పుస్తకం మూసి లేవబోయాడు. "పోనీలెండి మేడమ్. మా అమ్మకి నేను చెప్పుకుంటాను."

"కూర్చోరా," అంది విల్మా. కప్పు తీసుకుని వచ్చి, వాడికి వీపు పెట్టి, నా బల్ల దగ్గర కూర్చుంది.

"ఓర్విల్, కిడ్నీ ఏం పని చేస్తుందో నీకు తెలుసా?"

"డోటీ దాన్ని ఉల్లిపాయలతో వేయిస్తుంది కదా?"

"అరవై ఒక్క ఏళ్లొచ్చాయి, సిగ్గు లేదూ! నోరుమూసుకుని విను." ఇక మొదలెట్టింది, వీధి చివరికి వినబడేటట్టు. ముసలి పత్రికవాడికి పాఠం చెప్పకూడదని ఏ రూలు పుస్తకంలోనూ లేదు. ఆవిడ వెనకాల బల్ల మీద లమార్ పెన్ను బరబరా నడుస్తోంది.

కాసేపటికి పెన్ను ఆగింది. మూల బల్ల దగ్గర చిప్ తలెత్తి అటు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"విల్మా, ఆ రక్తం లోపలికెళ్లే ముక్క ఇంకోసారి చెప్పమ్మా. నాకు ఎక్కలేదు."

"ఒరేయ్ చిప్!" బక్ మోచేత్తో పొడిచాడు. "అది కోచింగ్ అంటార్రా. నీ జీతం పోతుంది!"

"కోచింగేమిటి? నాకు ఎక్కలేదంటున్నాగా!"

విల్మా మళ్లీ మొదటినుంచి చెప్పింది. శుక్ర, శని, ఆదివారాలు నేను కిడ్నీ, కాలేయం, ఆవు నాలుగు పొట్టలు నేర్చుకున్నాను. సోమవారం పరీక్షకు మాత్రం లమార్ వెళ్లాడు. డెబ్భై ఎనిమిది మార్కులొచ్చాయి. డోటీ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, చెప్పుకోడానికి నాకేం మొహమాటం లేదు.

బుధవారం విశ్వవిద్యాలయం వాళ్లు ప్రకటన ఇచ్చారు. చదువు గది మూసేసినా ఆటగాళ్లు చక్కగా పాసవుతున్నారనీ, అసలు ఆ గది అవసరమే లేదని దీంతో రుజువైందనీ, చిప్ స్థానంలో వచ్చిన కొత్త కోచ్ ఒప్పందం మరో నాలుగేళ్లు పొడిగిస్తున్నామనీ!

నేను కోపంతో పేపరు బల్లకేసి కొట్టాను. విల్మా దాన్ని తీసుకుని, ఆసాంతం చదివి, మడిచి కప్పు కింద పెట్టింది. తలుపు దగ్గర తలుపంత కుర్రాళ్లు మరో పదకొండుమంది పుస్తకాలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"రేపు ఆరింటికల్లా రా ఓర్విల్," అంది. "నీకు కెమిస్ట్రీ బొత్తిగా రాదు."