పడని నికెల్ ముక్క

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికల్లా పూజ, ఫలహారం ముగించాలనీ, పదింటికి తిరుమలరావు మాస్టారు ఇంటికొచ్చి యశస్విని ప్రయోగం చూసి సంతకం పెట్టాలనీ ఏర్పాటు. యూనివర్సిటీ ల్యాబుకి సెలవులు. ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వడానికి సోమవారమే ఆఖరు. అందుకని ఉక్కునగరం క్వార్టర్లో ముందుగది బల్ల మీదికి సరంజామా చేరింది. ఒక అయస్కాంతం, దాన్ని అంటుకుని తీగకు వేలాడే నికెల్ ముక్క, కింద హీటరు, పక్కన వేడి చూపే మీటరు. బాగా వేడెక్కితే నికెల్‌కి అంటుకునే గుణం పోయి, ముక్క విడిపోయి కిందికి పడుతుంది.

మీన్ ఫీల్డ్ అనే సగటు సిద్ధాంతంతో యశస్విని కట్టిన లెక్కలో అది ఐదువందల ఇరవై డిగ్రీలకు పడాలి. నాలుగు రోజులుగా మూడువందల అరవైకి ముందే పడిపోతోంది.

"ఇంక సంతకం పెట్టరు నాన్నా. తొందరగా పడిపోతంది," అని నిన్న సాయంత్రం కళ్ళు తుడుచుకుంది. ఇంట్లోవాళ్ళకి అంతే అర్థమైంది. ముక్క తొందరగా పడకూడదు.

పిల్ల స్నానానికి వెళ్ళగానే, ప్లాంటులో అయస్కాంతపు క్రేను నడిపే తండ్రి సన్యాసిరాజు పాత స్పీకరులోని అయస్కాంతం తెచ్చి అసలుదాని వెనక అంటించాడు. ఆయన అటు వెళ్ళగానే తల్లి జోగమ్మ వచ్చి, సింహాచలంలో అప్పన్న పాదాల దగ్గర పెట్టి తెచ్చుకున్న పసుపు తోరంతో ముక్కనీ అయస్కాంతాన్నీ వెనకనుంచి కలిపి కట్టేసింది. పంచదార అడగడానికొచ్చిన పక్కింటి పోతమ్మ, నిన్న గోడ అవతల ఆ ఏడుపు విన్నదే కనుక, హీటరుని ముక్క కిందనుంచి మీటరు కిందికి జరిపి మరీ వెళ్ళింది.

మాస్టారు పది నిమిషాలు ముందే వచ్చేశారు. యశస్విని హడావిడిగా స్విచ్ వేసింది.

"నాలుగువందలు సార్... ఐదువందలు... ఆరువందలు!"

ముక్క కదల్లేదు. జోగమ్మ కళ్ళు మూసుకుని దండం పెట్టింది.

"ప్రపంచంలో ఏ నికెలూ ఇలా చెయ్యదే!" మాస్టారు హీటరు ఆపించి, పెన్నుతో ముక్కని పొడిచారు. అయస్కాంతంతో సహా కదిలింది. భయపడుతూ వేలు పెట్టి చూశారు. వెచ్చగా ఉందంతే. "ఈ తోరం ఎవరు కట్టారు?"

"నానే బాబూ. పిల్లకి అప్పన్న సాయం సేత్తాడని."

"ఓసి నీ! నాను ముందే ఇంకో అయస్కాంతం ఎట్టీసేను కదే. నాకు సెప్పొద్దా?"

"నువ్వు నాకు సెప్పీవేటి?"

గుమ్మంలోంచి పోతమ్మ నవ్వింది. "మీరిద్దరూ ఉత్తినే కట్టపడ్డారు. హీటరు జరిపీసింది నాను!"

యశస్విని తల దించుకుంది. మాస్టారు ఆమె నోట్సు తిప్పి చూశారు. నాలుగు రోజులవీ అవే అంకెలు.

"ఇవి దిద్దలేదేం?"

"వచ్చినవి వచ్చినట్టే రాశాను సార్. దిద్దబుద్ధి కాలేదు."

"తక్కువే రావాలమ్మా! ప్రతి అణువూ ఊరందరి సగటుమాటే వింటుందని సిద్ధాంతం అనుకుంటుంది. నిజానికి అది ఇరుగుపొరుగు మాటే వింటుంది. వాళ్ళేమో నిలకడగా ఉండరు. అందుకే కట్టు ముందే సడలుతుంది. ఆ తేడా చూపడానికే నీ ప్రాజెక్టు."

"అద్గదీ," అంది పోతమ్మ, తననే మెచ్చుకున్నట్టు.

అన్నీ తీసేసి మళ్ళీ వేడిచేశారు. మూడువందల యాభై ఎనిమిదికి ముక్క పడింది. మాస్టారు సంతకం పెట్టారు.

జోగమ్మ తోరాన్ని కూతురి చేతికి కట్టింది. "మరి బాబూ, అప్పన్న సాయం సేసినట్టా, సెయ్యనట్టా?"

మాస్టారు పెన్ను జేబులో పెట్టుకున్నారు. "తోరం కాలలేదు కదమ్మా," అన్నారు.

సోమవారం ఇచ్చిన రిపోర్టులో, 'పొరపాట్లకు కారణాలు' అన్నచోట యశస్విని మూడు పేర్లు రాసింది.