తలంటు పోసుకున్న సోమవారం

ఆ సోమవారం జితేందర్‌కి రెండు పనులున్నాయి. తిథి ప్రకారం పుట్టినరోజు కాబట్టి పొద్దున్నే తలంటు పోసుకోవాలి. లాయర్‌కి పంపడానికి మధ్యాహ్నం మూడింటిలోగా హెచ్-వన్ వీసా పొడిగింపు కాగితాల మీద మేనేజర్ డగ్లస్ చేత సంతకం పెట్టించుకోవాలి. వీసా గడువు ఇంక తొమ్మిది రోజులే ఉంది. మొదటి పని భార్య నమ్రత చూసుకుంటుంది, రెండోది తను చూసుకుంటే చాలనుకున్నాడు.

న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో తలంటు అంటే కొంత ఏర్పాటు కావాలి. నమ్రత ముందురోజే కుంకుడుకాయలు కొట్టి నానబెట్టింది. మాడుకు నూనె పట్టించి, బాత్‌టబ్‌లో స్టూలు వేసి కూర్చోబెట్టింది.

"కళ్ళు మూసుకోండి."

"మూసుకునే ఉన్న."

"మూసుకుంటే రసం లోపలికెట్ల పోయింది? ఇండియా నుంచి కిలో తెప్పించింది కళ్ళల్లో పోసుకోడానికి కాదు."

ఆ తర్వాత పొగ అలారం మోగకుండా బాల్కనీలో కూర్చోబెట్టి, సాంబ్రాణి వేసి జుట్టు ఆరబెట్టింది. పూజ కాందే టిఫిన్ లేదంది. పూజ అయ్యేసరికి టిఫిన్‌కి టైం లేకపోయింది. జితేందర్ ఎర్రబడ్డ కళ్ళతో, ఖాళీ కడుపుతో, తలంటుకున్న రోజు వచ్చే నిద్రతో ఆఫీస్‌కి డ్రైవ్ చేశాడు.

అతను పనిచేసేది మందుల కంపెనీలో. న్యూజెర్సీలో గంజాయి చట్టబద్ధమయ్యాక కంపెనీ తన నిబంధనలన్నీ తిరగరాసుకుంది. సెలవురోజు ఇంట్లో ఎవరేం పీల్చినా కంపెనీకి సంబంధం లేదు. పనిలోకి మాత్రం మత్తులో రాకూడదు. అనుమానం వస్తే మేనేజర్ మర్యాదగా మాట్లాడాలి, ఆ పదార్థం పేరు ఎత్తకూడదు. డగ్లస్ ఈ శిక్షణ పోయిన వారమే పూర్తిచేశాడు. ఎర్రటి కళ్ళు, పొగ వాసన, మందకొడితనం, విపరీతమైన ఆకలి గమనించమని అందులో చెప్పారు. పది గంటల మీటింగ్‌లో జితేందర్ రెండుసార్లు కునికాడు. ఐదు డోనట్లు తిన్నాడు.

మీటింగ్ అయ్యాక డగ్లస్ తన గది తలుపు వేశాడు.

"జితేందర్, ఇంట్లో నువ్వేం చేసుకున్నా నేను తప్పుపట్టను. కానీ నీ దగ్గర ఆ పొగ వాసన వస్తోంది."

జితేందర్ సిగ్గుపడ్డాడు. "సారీ. ఈరోజు మా ఆవిడ కాస్త ఎక్కువ వేసింది."

"మీ ఆవిడా?"

"ఎప్పుడూ తనే వేస్తుంది. నాకు చేతకాదు."

"ఎన్నాళ్ళుగా?"

"పుట్టినప్పటినుంచీ. మా అమ్మ మా నలుగురినీ వరసగా కూర్చోబెట్టి వేసేది. ఆ రోజు బడిలో ఇంక నిద్రే." చిన్నతనం గుర్తొచ్చి అతని మనసు మెత్తబడింది. "ఇప్పుడు మా నాలుగు నెలల పాపకి కూడా స్నానం చేయించి వేస్తాం. హాయిగా నిద్రపోతుంది."

డగ్లస్ కుర్చీలోంచి లేచాడు. శిక్షణలో పసిపిల్లల గురించి ఏమీ చెప్పలేదు. వీసా కాగితాలను సంతకం పెట్టకుండానే ఫైల్లో దోపి తిరిగి చేతికిచ్చి, జితేందర్‌ని వెంటబెట్టుకుని హెచ్‌ఆర్‌కి నడిచాడు.

హెచ్‌ఆర్‌లో ఉన్న హంసిక అక్కడే ఎడిసన్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. ఇంగ్లీషులో అందరినీ పేరుపెట్టి పిలుస్తుంది. తెలుగులోకి దిగితే మాత్రం ముప్పై ఎనిమిదేళ్ళ జితేందర్‌ని కూడా అంకుల్ అనేస్తుంది.

"అంకుల్, మీరు భయం పడకండి. వీడ్ ఇక్కడ లీగల్. ఇంట్లో తీసుకున్నాను, ఇంక డ్యూటీకి ముందు తీసుకోను అని ఈ ఫామ్ సైన్ చేయండి. కేస్ క్లోజ్. కానీ బేబీ సంగతి వేరే, అది నేను చైల్డ్ సర్వీసెస్‌కి కాల్ చేయాలి."

జితేందర్‌కి విషయం అప్పుడు తెలిసింది. "గంజాయి ఏందమ్మా! అది తలంటు. సాంబ్రాణి, కుంకుడుకాయ."

"అది ఏ బ్రాండ్?" అని హంసిక రాసుకోబోయింది.

జితేందర్ బయటికొచ్చి ఇమిగ్రేషన్ లాయర్ అనూప్‌కి ఫోన్ చేశాడు.

"సంతకం పెట్టొద్దు," అన్నాడు అనూప్. "న్యూజెర్సీకి అది షాపులో దొరికే సరుకు. ఫెడరల్ వాళ్ళకి ఇంకా నేరమే. సిటిజన్ ఒప్పుకుంటే ఇంటికెళ్ళి పడుకోమంటారు. మీరు ఒప్పుకుంటే ఏకంగా ఇండియా పంపిస్తారు."

"నేను ముట్టనే లేదన్నా."

"ముట్టనివాళ్ళు ఒప్పుకున్నా అంతే."

ఒప్పుకుంటే వీసా పోతుంది. ఒప్పుకోకపోతే విచారణ తేలేదాకా డగ్లస్ సంతకం పెట్టడు, అప్పుడూ వీసా పోతుంది. జితేందర్ వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. సిగరెట్టు తాగేవాళ్ళ పక్కన నిలబడితేనే ఇంటికెళ్ళి చొక్కా ఉతుక్కునేవాడు. లోపలికెళ్ళి చేతులు జోడించాడు.

"టెస్ట్ చేయించమ్మా. రక్తం తీసుకోండి, ఏదైనా తీసుకోండి."

హంసిక బాధగా తల అడ్డంగా ఊపింది. "ఆ టెస్ట్ మేం ఆపేశాం అంకుల్. ఎంప్లాయీ ప్రైవసీ."

ఇంక సాక్ష్యం ఒక్కటే మిగిలింది. అతను నమ్రతకి ఫోన్ చేశాడు. అరగంటలో ఆమె పాపని స్ట్రోలర్‌లో వేసుకుని, జిప్‌లాక్ సంచుల్లో కుంకుడుకాయలూ సాంబ్రాణీ పట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను ఆ గోధుమరంగు కాయల్నీ, పసుపుపచ్చ గడ్డల్నీ చూసి ఇవేమిటని అడిగాడు.

"మా ఆయన పొద్దున వాడినవే," అంది నమ్రత, నిజం చెప్పడానికి భయమెందుకన్నట్టు. అతను ఆమెను లోపలికి పంపి, వైస్ ప్రెసిడెంట్‌కి ఫోన్ చేశాడు.

హెచ్‌ఆర్ గదిలో నమ్రత నాలుగు కాయలు కాఫీ కప్పులో వేసి, వేడినీళ్ళు పోసి, నురగ వచ్చేదాకా పిసికింది. మందుల కంపెనీలో ప్రయోగం చేయకుండా దేన్నీ నమ్మరు. డగ్లస్ వేలు ముంచి కంటికి రాసుకున్నాడు. నమ్రత వద్దనేలోపు హంసిక కూడా రాసుకుంది.

"అమ్మో, ఆంటీ!"

"నలపకమ్మా, ఎక్కువైతది. నీళ్ళతో కడుగు. ఆయనకి కూడా ఇంగ్లీషుల చెప్పు."

వైస్ ప్రెసిడెంట్ తలుపు తీసేసరికి టైం రెండున్నర. బల్లమీద రెండు సంచులూ, నురగ నిండిన కప్పూ ఉన్నాయి. మేనేజరూ హెచ్‌ఆరూ ఎర్రటి కళ్ళతో గోడ పట్టుకుని నిలబడ్డారు. స్ట్రోలర్‌లో పాప నిద్రపోతోంది. జితేందర్ కళ్ళు అప్పటికి తెల్లబడ్డాయి. ఆ గదిలో ఉద్యోగిలా కనిపిస్తున్నది అతనొక్కడే.

"మీరిద్దరూ ఈరోజు ఏ కాగితం మీదా సంతకం పెట్టడానికి వీల్లేదు," అందావిడ. "అత్యవసరంగా సంతకం కావలసినవేమైనా ఉన్నాయా?"

జితేందర్ ఫైలు అందించాడు. ఇద్దరూ అమాయకులని చెప్పబోతే నమ్రత అతని మోచెయ్యి నొక్కింది. "ముందు పెట్టనీయండి. తర్వాత చెప్పొచ్చు."

ఆవిడ వీసా కాగితాల మీద పద్నాలుగు చోట్ల సంతకం చేసింది. అవి లాయర్‌కి చేరాక జితేందర్ కుంకుడుకాయ సంగతి మొదటినుంచి చెప్పాడు. ఆవిడ సాంతం విని, కప్పులో వేలు మాత్రం పెట్టకుండా, అదంతా సాక్షి ఫామ్‌లో రాసివ్వమంది.

జితేందర్ మూడు పేజీలు రాశాడు. హంసిక, డగ్లస్ ఏమీ తీసుకోలేదని, నీళ్ళతో కడిగితే గంటలో తగ్గుతుందని రాశాడు. చివరి గడిలో 'ఈ లక్షణాల గురించి మీకు ముందే ఎలా తెలుసు?' అని ఉంది. అతను మళ్ళీ లాయర్‌కి ఫోన్ చేసి కనుక్కుని, అక్కడ 'వర్తించదు' అని రాశాడు.