కడపటి విస్తరి కోసం గంగలో దిగిన స్వాములు

మంచుకొండల నీటితో గంగ ఉరకలెత్తే ఋషీకేశంలో, ఆషాఢ శుద్ధ ద్వాదశి మధ్యాహ్నాన, నిన్నటి ఏకాదశి ఉపవాసంతో నూట ఎనిమిది మంది సాధువుల జఠరాగ్నులు హోమగుండాల్లా భగ్గుమంటున్న ఘోరముహూర్తాన, త్రిలోకాలూ ఎరగని మహాసంగ్రామమొకటి రాజుకుంది. అందరికన్నా కింద కూర్చునే మహానుభావుడెవరు?

కారణం, పొద్దున ఆశ్రమాధిపతి మహంత్ ఓంకారగిరి విసిరిన మాట: "చాతుర్మాస్యం నాలుగు నెలలూ ప్రవచన పీఠం అహం చచ్చినవాడికే. ఎవరో భోజనాల దగ్గర తేల్చేస్తా."

పన్నెండేళ్ళుగా అహంకార నిర్మూలనం బోధిస్తూ ఆ పీఠానికై కలవరిస్తున్న వాక్ప్రవాహధురంధరుడు, భస్మత్రిపుండ్రభాసురుడు స్వామి శమానందగిరి, బంతి చివర చెప్పుల పక్కనున్న విస్తరి మీదికి సింహంలా లంఘించాడు. అప్పటికే అక్కడ వినయవిద్యావిశారదుడు నిర్మమ భారతి కాపు కాసి ఉన్నాడు.

"మీరు పైకెళ్ళండి మహరాజ్, నేను మీ పాదధూళిని," అన్నాడు భారతి.

"నేను ఆ ధూళికే ధూళిని. జరగండి!"

"ఋషులేమన్నారు స్వామీ? 'నేను' చచ్చినచోటే శాంతి పుడుతుందన్నారు."

"ఆ మాట ఈ ఆశ్రమంలో ముందు చెప్పింది నేను!"

మునులు మనశ్శాంతికై ప్రసాదించిన వాక్కులు ఇలా ఆగ్నేయాస్త్రాలై దూసుకుపోతుండగా, శమానందుడు విస్తరి చంకనపెట్టి మండపం దాటి స్నానఘట్టం మొదటి మెట్టు మీద కూలబడ్డాడు. భారతి రెండో మెట్టు ఆక్రమించాడు. శమానందుడు మూడు. భారతి నాలుగు.

అందరూ కూర్చుంటేగానీ మహంత్ 'హర హర మహాదేవ్' అనడు. ఆయన అననిదే ఎవరూ ముద్ద ఎత్తకూడదు. ఆకుల్లో పూరీలు చల్లారిపోతున్నాయి. ఆరేళ్ళుగా పెదవి విప్పని మౌనీ బాబా లేచి గర్జించాడు.

"కూర్చుని చావండయ్యా! కూర గడ్డకట్టేస్తోంది!"

నీళ్ళు తాకే తొమ్మిదో మెట్టు శమానందుడికి చిక్కింది. విజయగర్వంతో మీసం దువ్వబోయేలోగా, భారతి గట్టు గొలుసు పట్టుకుని నడుంలోతు గంగలోకి దిగిపోయాడు. పళ్ళు టకటకలాడుతుండగా కేక పెట్టాడు.

"రండి చూద్దాం! నా అంత వినయం మీకుందా?"

శమానందుడు లేచి నీళ్ళలో ఒక పాదం మోపాడు. భారతి కన్నా ఇంకో మెట్టు కిందికి దిగి మెడదాకా మునిగితే పీఠం తనదే.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి నేతివాసన గుప్పుమంది. వంటవాడు కిషన్‌లాల్, కడాయిలోంచి అప్పుడే తీసిన పూరీల పళ్ళెంతో, కూర గిన్నెతో వచ్చాడు.

"వేసెయ్యనా బాబా? నీళ్ళలోకైతే నేను రాను."

శమానందుడు మండపంలోని పీఠం వైపు చూశాడు. పూరీ వైపు చూశాడు. పాదం వెనక్కి తీసుకున్నాడు.

"వెయ్యి నాయనా. భారతీ, నువ్వే గెలిచావు. నాకు ఆకలేస్తోంది."

"పీఠం భారతికి రాసేయండి," అన్నాడు మహంత్ విసుగ్గా. "లేకపోతే ఈయన సముద్రం దాకా దిగుతాడు. హర హర మహాదేవ్!"

పన్నెండేళ్ళ ఆశ గంగపాలైంది. రెండో పూరీ అందుకుంటూ శమానందుడు తలెత్తి, తన ఓటమిని ఎందరు చూశారోనని లెక్కపెట్టుకున్న మాట నిజం. కానీ వినండి జనులారా! మొదటి పూరీ తుంచి, కూరలో అద్ది, నమిలి మింగినంతసేపు అతనికి ఆ ధ్యాసే లేదు. కల్పాంతాల తరబడి అజేయుడైన అహంకార మహాసురుడు, ఆ గంగాతీరాన, ఒక్క పూరీ కాలం నేలకూలాడు. దిక్కులారా, దుందుభులు మోగించండి!